అన్నయ్య కట్టిన ఎర్ర అట్ట

గోల్‌బజార్ రేడియోల దుకాణంవాడు నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. కొత్త రిసీవర్ వచ్చిందట. చేతిసంచిలో పట్టేంత పెట్టె, ఫోన్‌లోంచే పాట అందుకుంటుందట. పాతది ఇస్తే తీసుకుంటానన్నాడు. వదినను అడిగి చెబుతానన్నాను. మూడు వారాలుగా ఇదే మాట చెబుతున్నాను.

పాతది ఖరిదా పేటలో వదిన ఇంటి ముందుగదిలో ఉంది. రేడియో, ఆంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఉండే బరువైన సెట్టు. అరచేతి నిండా వచ్చే ఇనుప బిరడా తిప్పి స్టేషన్ పట్టాలి. అన్నయ్య రైల్వే వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ ఫిట్టర్. ఇంట్లో ఏది విప్పినా అక్కడి పద్ధతే. రిపేరులో ఉన్న యంత్రానికి తన పేరు రాసిన ఎర్ర అట్టముక్క కట్టాలి. కట్టినవాడే విప్పాలి. ఒకసారి మిక్సీకి అట్ట కట్టి, బేరింగ్ దొరక్క మూడు రోజులు వదిలేస్తే, వదిన రోట్లోనే పచ్చడి నూరింది గాని దాన్ని ముట్టుకోలేదు. "మీ అన్న అట్ట కట్టీసినాక దేవుడు దిగొచ్చినా స్విచ్చెయ్యడు బాబూ" అని నాతో అని నవ్వింది.

కిందటి చలికాలం అన్నయ్య ఈ సెట్టు విప్పాడు. దుమ్ము పడకుండా మూత పెట్టి, ప్లగ్గుకు అట్ట కట్టాడు. రెండు రోజులకు గుండె ఆగి పోయాడు. పని అయిందో లేదో ఎవరికీ చెప్పలేదు.

అప్పటినుంచి ఆ గదిలోకి వెళ్తే నా చూపు ముందు ప్లగ్గు మీదికే పోయేది. వదిన ఒంటరిగా ఉంటుంది. ఆమెకు పాటలు ఆ సెట్టులోనే వినాలని ఉంది. ఓ మధ్యాహ్నం వెళ్లేసరికి అట్ట ముడి సగం ఊడి ఉంది.

"ఏటి వదినా ఇది?"

"ఇప్పుదామనే కూకున్నాను. సెయ్యాడలేదు."

నేను ముడి మళ్లీ బిగించాను.

మర్నాడే తాల్‌బగీచా వెళ్లి, అన్నయ్యతో కలిసి పనిచేసి రిటైరైన పెద్దాయనను తీసుకొచ్చాను. ఆయనకు డెబ్బై ఆరేళ్లు. ముందు అట్టమీద పేరు చదివాడు. తరువాత మూత విప్పి, టార్చి వేసి చాలాసేపు చూశాడు.

"మాస్టారూ, ఇటు రండి" అని నన్ను పిలిచాడు.

కరెంటు వచ్చే తీగ చివర తొడుగు లేకుండా లోపలి ఇనుప రేకుకు ఆనుకుని ఉంది. "ప్లగ్గెట్టి ఈ బిరడా ముట్టుకుంటే..." అన్నాడు. బిరడా బిగించింది ఆ రేకుకే. వదిన కుడిచేతిని కొంగులో దాచుకుంది.

"కొత్తది కొనేద్దాం వదినా" అన్నాను.

"కొనుక్కోండి, ఠీక్ హై. దీని పని మాత్రం నాను తీసుకున్నాను" అన్నాడు పెద్దాయన. కట్టినవాడు రాలేకపోతే, పని అందుకున్నవాడు పాతది తీసి తన అట్ట కట్టాలట. అదీ రూలేనట. అన్నయ్య అట్టను వదిన చేతికిచ్చి, కొత్త ముక్కమీద తన పేరు రాశాడు. అక్షరాలు వంకరపోయాయి.

"సేతులొణుకుతున్నాయి గదా అన్నయ్యా" అంది వదిన.

"సేతులదేటుంది సెల్లమ్మా, కళ్లే కనపడ్డం లేదు. ఆపరేషనవ్వనీ."

ఆపరేషన్ ఇంకా కాలేదు. రోజూ పొద్దున్నే ఆయనకు ఫోన్ చేసి బాగున్నారా అని అడుగుతాను. సెట్టు మాట ఎత్తను. ఆ గొంతు వినిపించేదాకా మోగే నాలుగైదు రింగులూ నాకు చాలా పొడుగ్గా ఉంటాయి. పని చేతికి తీసుకున్నప్పుడు మనిషి పేరు రాస్తాడు గాని గడువు రాయలేడు.