మాత్ర మానిన మూడు రోజులు

అప్పటికి అమ్మ పోయి ఏడాది కావస్తోంది. వైశాఖంలో సంవత్సరీకం పెట్టాలి. పెట్టవలసిన కొడుకును నేనొక్కడినే. బిలాస్‌పూర్‌లో అది మే నెల. రెండు నెలల ముందు నుంచే ఎండను తలచుకుని భయపడ్డాను.

ఆ శీతాకాలంలో నాకు నిద్ర కరువైంది. డ్యూటీలో ఒకే కాగితాన్ని గంటసేపు చూస్తూ కూర్చునేవాణ్ణి. డాక్టరు దిగులుకి రోజుకో మాత్ర రాశారు. దిగులు కొంత పలచబడింది కానీ ఒళ్లు మారిపోయింది. జనవరిలో ఆఫీసులో అందరూ స్వెట్టర్లు వేసుకుంటే నా చొక్కా వీపుకి అంటుకుపోయేది. మార్చి వచ్చేసరికి ఎండలో పది నిమిషాలు నడిస్తే గుండె దడ, కళ్లు బైర్లు. ఈ మందుతో కొందరికి చెమట ఎక్కువవుతుందని, వేడి ఓర్చుకోలేరని డాక్టరు మొదటి రోజే చెప్పారు. అప్పుడు నేను సరిగా వినలేదు.

మాత్ర సంగతి అక్కకు చెప్పలేదు. అక్క ఇదే ఊళ్లో, లాల్‌ఖదాన్‌లో ఉంటుంది. తమ్ముడికి మతి చెడిందనుకుంటుందని నా భయం.

మా ఇంట్లో పిండాలు పెట్టేదాకా మంచినీళ్లు కూడా ముట్టకూడదు. నాన్నకు అలాగే పెట్టాను. ఈసారి నా రైల్వే క్వార్టర్ వెనక రేకుల కింద, నిప్పు ముందు, రెండు గంటలు కూర్చోగలనా? మధ్యలో పడిపోతే అమ్మ పని సగంలో ఆగిపోతుంది. అందుకని మూడు రోజుల ముందు మాత్ర మానేశాను. ఈలోగా ఒళ్లు మామూలవుతుందనుకున్నాను. ఉపవాసం ఉన్నట్టే కదా అని కూడా అనుకున్నాను. ఎవరినీ అడగలేదు.

రెండో రోజు తల తిప్పితే లోపల కరెంటు తగిలినట్టు చురుక్కుమంది. మూడో రోజు అది మరీ ఎక్కువైంది. చెమట మాత్రం ఆగలేదు.

సంవత్సరీకం నాడు ఉదయం అక్క నన్ను పైనుంచి కిందకు చూసింది.

"ఏట్రా, ముఖమలా పాలిపోనాది?"

"ఏం లేదు."

"ఏం నేకపోతే పంచె అలా తడిసిపోద్దా? తానం చేసి తుడుచుకోనేదేటి?"

పంతులుగారు మొదలుపెట్టారు. నువ్వులు, నీళ్లు వదులుతుంటే పళ్లెం బయట పడ్డాయి. రెండోసారీ అంతే. గోడ పక్కకు ఒరుగుతున్నట్టు అనిపించింది.

"పంతులుగారూ, నేను మూడు రోజులుగా మాత్ర వేసుకోలేదు" అన్నాను.

"ఏం మాత్ర బాబూ? బీపీదా?"

"దిగులుకి."

అక్క విస్తరాకు తుడవడం ఆపింది.

"అచ్ఛా. ఎవరు మానమన్నారు? నేనన్నానా?" అన్నారాయన. "నేను షుగరు మాత్ర వేసుకునే వచ్చాను. అమ్మా, ఆయనకు నీళ్లివ్వండి."

"పిండం పెట్టకుండానా?" అంది అక్క.

"ఇది ప్యాసింజరు బండమ్మా. కాసేపు ఆగినా చేరేచోటికి చేరుతుంది."

నీళ్లు తాగాను. అక్క తువ్వాలు తడిపి నా మెడ మీద వేసింది. "అమ్మకీ ఎండాకాలం ఇలాగే ఏసీదాన్ని" అంది. టేబుల్ ఫ్యాను నా వీపు వైపు తిప్పింది. పావుగంట ఆగి మళ్లీ కూర్చున్నాను. పిండాలు పెట్టాను. ఆలస్యమైంది, కానీ పూర్తయింది.

ఆ మధ్యాహ్నమే డాక్టరుకు ఫోన్ చేశాను. ఇలాంటి మందు ఉన్నపళాన ఆపకూడదని, మానాలంటే తను చెప్పినట్టు మెల్లగా తగ్గించాలని కోప్పడ్డారు. ఆయన చెప్పిన ప్రకారం మళ్లీ మొదలుపెట్టాను.

ఇప్పుడు రోజూ ఉదయం అక్క ఫోన్ చేస్తుంది. "ఏసుకున్నావా?" అని మాత్రమే అడుగుతుంది. వచ్చే వైశాఖానికి నీళ్లచెంబు ముందే నా పక్కన పెడతానంది. అయినా ఈ ఏడు ఫిబ్రవరి చివరి నుంచే, ఆఫీసుకు బయలుదేరే ముందు, గడప దగ్గర నిలబడి చెయ్యి బయటికి చాచి ఎండ ఎంతుందో చూస్తున్నాను.