ఎనిమిది నెలల బిడ్డకు ఆరు నెలల వయసు

1958 చలికాలం. అప్పటికి కంభం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. అక్కడి ప్రసూతి కేంద్రంలో నేను మిడ్‌వైఫ్‌ని, అంటే కాన్పులు చేయడానికి శిక్షణ పొందిన నర్సుని. నాలుగు మంచాలు, ఒక పంపు స్టవ్వు, బిడ్డల్ని తూచే స్ప్రింగు త్రాసు, నేను, ఒక ఆయా. డాక్టరుగారు వారానికి రెండు రోజులు వచ్చేవారు.

డిసెంబరు మొదటి వారంలో ఒక ఉదయం మరియమ్మ అనే ఇరవై ఏళ్ల అమ్మాయిని ఎద్దుల బండిలో తెచ్చారు. చెరువు కింద పొలంలో కోత కోస్తుండగా నొప్పులు మొదలయ్యాయట. వెంట భర్త దావీదు, అత్త సువార్తమ్మ ఉన్నారు. మరియమ్మకు ఏడు నెలలు నిండి కొద్ది రోజులే అయింది. మంచం ఎక్కించిన అరగంటకే ఆడపిల్ల పుట్టింది. తూస్తే మూడుంబావు పౌన్లు. నెలలు నిండకముందే పుట్టిన ఇలాంటి బిడ్డను మేము ప్రీమెచ్యూర్ బేబీ అనేవాళ్లం. చర్మం కింద నరాలు కనిపిస్తున్నాయి. ఏడిస్తే పక్క మంచానికి కూడా వినపడలేదు.

"ఇంతకుముందు ఒకటి పోయినాది నర్సమ్మా. ఇదన్నా బతుకుతాదా?" అని అడిగింది సువార్తమ్మ.

"ఊపిరి బాగా తీస్తా ఉంది అవ్వా. వెచ్చగా పెట్టుకోని, పాలు లోపలికి పంపితే బతుకుతాది," అన్నాను. ధైర్యం కోసం అన్న మాట కాదు. శిక్షణ పొందిన ఆసుపత్రిలో ఇంతకన్నా చిన్నవాళ్లు బతకడం చూశాను. కాకపోతే అక్కడ ఇంక్యుబేటర్ ఉండేది. అది బిడ్డను వెచ్చగా ఉంచే అద్దాల పెట్టె. ఆ చలిలో రైల్లో పెద్దాసుపత్రికి పంపితే దారిలోనే చల్లబడిపోతుందని డాక్టరుగారు కూడా అన్నారు. మందులొచ్చిన చెక్కపెట్టెలో దూది పరిచి బిడ్డను పడుకోబెట్టి, వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి చుట్టూ పెట్టాను.

మూడో రోజు మధ్యాహ్నం ఇంకో కాన్పు కష్టమై, నేనూ ఆయా రెండు గంటలు అక్కడే ఉండిపోయాం. తిరిగొచ్చి బిడ్డ పాదాలు పట్టుకుంటే చల్లగా తగిలాయి. సీసాలు ఎప్పుడో చల్లారిపోయాయి. బిడ్డ కదలడం లేదు. తప్పు నాదే. ఎవరినైనా కాపలా పెట్టాల్సింది. స్టవ్వు వెలిగించమని ఆయా మీద అరిచాను.

ఈలోపు మరియమ్మ లేచి బిడ్డను దూదిలోంచి తీసి, రవిక విప్పి రొమ్ముల మధ్య పడుకోబెట్టుకుంది. పైన చీర కొంగు, దాని మీద కంబళి కప్పుకుంది.

"ఏందమ్మాయ్, ఏం చేస్తున్నావు?"

"నీళ్లు కాగేదాకా నా ఒంట్లో వేడి చాలదా అక్కా?"

బిడ్డను ఎక్కువగా తాకకూడదని మాకు నేర్పారు. అయినా ఆమెను ఆపకుండా, స్టవ్వుకు పంపు కొట్టడానికి వెళ్లాను. నీళ్లు కాగేసరికి పాదాలు వెచ్చబడ్డాయి. బిడ్డ సన్నగా ఏడ్చింది. ఆ రోజు నుంచి పెట్టె మూలకు పోయింది. కోడలు అలిసిపోతే అత్త, అత్త అలిసిపోతే కోడలు బిడ్డను రొమ్ము మీద మోశారు.

బిడ్డకు చప్పరించే బలం లేదు. మరియమ్మ పాలు పిండి ఇస్తే, మరగబెట్టిన కొత్త ఇంకు ఫిల్లరుతో రెండు గంటలకోసారి చుక్కలు చుక్కలుగా వేసేదాన్ని. పదిరోజుల తర్వాత ఉగ్గుగిన్నెకు మారాం. సువార్తమ్మకు ఒకటే బెంగ, స్నానం.

"నూనె పెట్టి నీళ్లు పోస్తే కదా నరాలు గట్టిపడేది?"

"తడిస్తే ఒంట్లో వేడి పోతాది అవ్వా. నాలుగు పౌన్లు దాటనీ, నువ్వే నీళ్లు పోద్దువు."

ఆమె మాట మీద నిలబడింది. నేను త్రాసు తీసిన ప్రతిసారీ, "నాలుగొచ్చినాయా?" అని పక్కకొచ్చి నిలబడేది. మొదటి వారం బరువు తగ్గింది. తర్వాత నెమ్మదిగా పెరిగింది. జనవరి మధ్యకు బిడ్డ తల్లి దగ్గర నేరుగా తాగడం నేర్చింది. నాలుగున్నర పౌన్లతో ఇంటికి పంపాం. రూతు అని పేరు పెట్టుకున్నారు.

ఆగస్టులో ఒక ఉదయం సువార్తమ్మ బిడ్డను చంకనేసుకుని ఏడుస్తూ వచ్చింది.

"ఎదురింటి పిల్లోడు దీని వారంలోనే పుట్టినాడు. వాడు కూచోని ఆడుకుంటా ఉన్నాడు. ఇదేమో కూచోబెడితే ఒరిగిపోతాది. మొద్దు అంటున్నారు నర్సమ్మా. వాతలు పెడితే కూచుంటాదంట. రేపు పెట్టిస్తానని దావీదు వాతలేసేవాడి దగ్గర ఒప్పుకోని వచ్చినాడు."

కాల్చిన ఇనపకడ్డీతో పొట్ట మీద పెట్టే వాతలవి. అవి చీము పట్టి పోయిన బిడ్డలను నేను ఎరుగుదును. రూతును బల్ల మీద పడుకోబెట్టి చూశాను. మెడ గట్టిగా నిలిచింది. పిలిస్తే తిరిగింది. తాళంచెవి ఇస్తే ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"అవ్వా, ఈ బిడ్డ ఏ నెలలో పుట్టాల్సింది?"

"ఫిబ్రవరిలో."

"అక్కడినుంచి వేళ్లు మడువు."

మడిచింది. "ఆరు."

"ఆరు నెలల బిడ్డ కూచోలేదని ఎవరన్నా వాతలు పెడతారా?"

ఆమె ఏడుపు ఆపి తన చేతులవంక చూసుకుంది. మధ్యాహ్నం దావీదును వెంటబెట్టుకుని మళ్లీ వచ్చింది. "నిజంగా అంతేనా అక్కా? మాట ఇచ్చి వచ్చినాను," అన్నాడు అతను. "నెలనెలా తీసుకురా. ఏదన్నా తేడా ఉంటే నీకంటే ముందు నేనే చెప్తాను. అందాకా దాని ఒంటి మీద ఎవరినీ చెయ్యి వెయ్యనీయబాక," అన్నాను. బిడ్డను ఎత్తుకుని, "వాతలు పెట్టనీయను," అన్నాడు.

అక్టోబరులో రూతు కూర్చుంది. మరుసటి మార్చిలో వాళ్ల నాయన వేలు వదిలి నాలుగడుగులు వేసింది.

ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి ఊళ్లోనూ నెలలు నిండని బిడ్డలకు రెండు తేదీలు రాశాను. ఒకటి పుట్టిన తేదీ, రెండోది పుట్టాల్సిన తేదీ. రెండో తేదీని తల్లి చేత నోటికి చెప్పించి గానీ ఇంటికి పంపలేదు. బతికించడం నాకు శిక్షణలో నేర్పారు. బతికిన బిడ్డకు ఎదిగేంత వ్యవధి ఇవ్వాలని ఇంట్లోవాళ్లకు చెప్పడం కూడా నా పనేనని రూతు వల్ల తెలిసింది.