పొలిగంప మోసిన సత్తియ్య

లాకుల దగ్గర పడవ ఆగింది. కింది నీళ్ళూ పై నీళ్ళూ సమానమయ్యేదాకా పడవలో వాళ్ళకి పనేమీ ఉండదు. ఉక్కపోత భరించలేక, తెల్లకోటూ తలపాగా వేసుకున్న ఒకాయన గట్టు మీదికి దిగి, పడవ తాడు లాగే మనిషి పక్కన నిలబడ్డాడు. ఆ మనిషికి ఎడమ చెవి లేదు. అది ఉండాల్సిన చోట ముడతపడ్డ మచ్చ ఉంది.

"తమరిది ఏ ఊరండి?" అన్నాడు తాడు మనిషి.

మర్యాదకి అడిగింది కాదు. సత్తియ్య ఇరవై నాలుగేళ్ళుగా ఆ కాలవ మీద దిగిన ప్రతివాణ్ణీ అదే అడుగుతున్నాడు. ఏ పిఠాపురమో ఆత్రేయపురమో అంటే ఆయ్ అని ఊరుకునేవాడు. నాగులపర్ర అంటే మాత్రం రెండో ప్రశ్న వేసేవాడు. దానికి కొందరు నవ్వారు, కొందరు తిట్టారు, ఒకడు పడవగెడతో రెండు పళ్ళు రాలగొట్టాడు. సరైన జవాబు ఒక్కడూ చెప్పలేదు.

కోటాయన కాస్త తడుముకుని, రాజమండ్రి అన్నాడు. పేరు బంగార్రాజు, అక్కడి కాలేజీలో మాస్టరు.

లాకు తలుపులు తెరుచుకున్నాయి. సత్తియ్య తాడు భుజానికెత్తుకుని ముందుకి వంగాడు. బంగార్రాజు పడవెక్కకుండా పక్కనే నడిచాడు. దారి పొడుగునా లాకు గుమాస్తా ముక్కుతో మాట్లాడినట్టు మాట్లాడి చూపించాడు. గుమాస్తా వెనక నుంచి వస్తున్నాడేమో అనిపించేంత బాగా చేశాడు. నవ్వడం అంతగా అలవాటు లేని సత్తియ్య కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసుకునే మాస్టరు చెవి సంగతి అడిగాడు.

చెవి సంగతి చెప్పాలంటే ముందు కాలవ సంగతి చెప్పాలి. ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టిన దొరలకి నీరు ఎటు పల్లమో తెలుసు, పొలిమేర ఎటు పోతుందో తెలియదు. వాళ్ళు గీసిన కాలవ పొన్నలంక పొలాన్ని నిలువునా చీల్చి, నలభై ఎకరాల చెక్కని నాగులపర్ర వైపు ఒడ్డున పడేసింది. కాలవే పొలిమేర అన్నారు నాగులపర్రవాళ్ళు. తాతలనాటి పొలిమేరే పొలిమేర అన్నారు పొన్నలంకవాళ్ళు. దస్తావేజులతో తేలే తగాదా కాదది, అమ్మవారితో తేలవలసింది. జాతరలో దున్నని నరికి, దాని నెత్తురు కలిపిన అన్నం గంపకెత్తి పొలిమేర పొడుగునా చల్లుతారు. దాన్నే పొలి అంటారు. పొలి పడ్డంత మేరా అమ్మవారు ఆ ఊరిని కాస్తుంది. గంపని పక్క ఊరివాళ్ళు లాక్కున్నారా, ఆ ఏటి పంటా వానా వాళ్ళవి, కలరా వీళ్ళది. దేశాలు తిరిగినవాళ్ళకి తెలుసు, సరిహద్దు ఏ దేశంలోనైనా నెత్తురుతోనే గీస్తారు. ఈ జిల్లాలో అందులో కాస్త అన్నం కలుపుతారు, అంతే తేడా.

పొన్నలంకలో పొలిగంప మోసే హక్కు సత్తియ్య ఇంటిది. వాళ్ళ ముత్తాత వలలోనే అమ్మవారు దొరికిందట. చేపలు పట్టేవాళ్ళ ఇంటికి అంతకు మించిన గౌరవం ఆ ఊళ్ళో లేదు. మోసేవాడికి కట్టుబాట్లు మూడు. గంప నేలకి తగలకూడదు. నోరు తెరవకూడదు, అందుకే పళ్ళమధ్య నిమ్మకాయ పెడతారు. వెనక్కి తిరగకూడదు. తిరిగితే పొలి చెడినట్టే. రెండు చేతులూ గంప మీదుంటాయి గనక అతను కొట్లాడలేడు. వెనక కర్ర పట్టుకుని కాపు కాయడానికి సొంత రక్తమే రావాలి. ఆ ఏడు సత్తియ్య వెనక నడిచినవాడు అతని అన్న రాముడు.

పక్క ఊరివాళ్ళ ఎత్తు కూడా పాతదే. మోసేవాణ్ణి అయినవాళ్ళ గొంతుతో వెనక నుంచి పిలుస్తారు. ఆ ఉదయం తమ్ముడికి తలగుడ్డ చుడుతూ రాముడు చెప్పిన మాట ఒక్కటే. "నేను పిలిచినా తిరక్కురా."

అవతలి చెక్కలోకి దిగేసరికి జమ్ములోంచి మనుషులు లేచారు. మొదటి బరిసె డప్పువాడి కడుపులో దిగింది. డప్పు ముందుకి దొర్లుకుంటూ వచ్చి సత్తియ్య కాళ్ళకి తగిలింది. దాన్ని దాటాడు. కత్తి ఒకటి పక్కనించి వచ్చి చెవిని కోసేసింది. తెగిన ముక్క భుజం మీద పడితే ఏదో పురుగు వాలిందనుకున్నాడు. వెనక కర్రకి కర్ర తగులుతున్న చప్పుడు వినిపిస్తున్నంతసేపూ అన్న ఉన్నాడని ధైర్యం. తర్వాత కర్ర ఎముకకి తగిలిన చప్పుడు వచ్చింది, పచ్చి కొబ్బరికాయ పగిలినట్టు. ఆ తర్వాత పిలుపు.

"సత్తీ, ఒరే సత్తీ, చంపేస్తన్నార్రా."

మూడుసార్లు వచ్చింది. రాముడి గొంతే. సత్తియ్య పళ్ళు నిమ్మకాయలోకి దిగాయి. రసం పగిలిన పెదాల మీద మండుతోంటే, గంపలోంచి కారిన దున్న నెత్తురూ తన చెవి నెత్తురూ మెడ మీద కలిసి పారుతోంటే నడిచాడు. గుండెలోతు కాలవ దాటాడు. చుట్టు పూర్తిచేసి, గంప అమ్మవారి ముందు దించి, అప్పుడు తిరిగాడు. వెనక ఎవరూ లేరు.

సాయంత్రం చెక్కలోంచి ముగ్గురిని మోసుకొచ్చారు. రాముడికి ముఖం మిగల్లేదు, మొలతాడుని బట్టి పోల్చుకున్నారు. కేసు నడిచింది. రెండూళ్ళ సాక్షులూ ఆ రోజు ఎవరూ ఎవర్నీ చూడలేదని ప్రమాణం చేశారు. ఆ ఏడు వానలు బాగా కురిశాయి, కలరా పక్కనించి పోయింది. సత్తియ్యకి ఊరు కొత్త పంచె పెట్టింది.

తల్లి రత్తమ్మ మాత్రం ఒక్కటే అడిగింది. "పిలిచాడా?"

పిలిచాడన్నాడు. దాని తర్వాత ఎనిమిదేళ్ళు బతికి కూడా ఆమె కొడుకు చేతి గంజి తాగలేదు. పోయేటప్పుడు నోట్లో పోసిన నీళ్ళు కూడా పక్కకి తిరిగి వదిలేసింది. ఆ జాతర నాటినుంచే సత్తియ్యకి బతుకంతా ఒకే ప్రశ్న అయింది, పిలిచిందెవరని. పిలిచింది పగవాడైతే తను ఊరు నిలబెట్టినవాడు. అన్నే అయితే, చావు భయంతో ముందు చెప్పిన మాట మరిచి నిజంగానే పిలిచి ఉంటే, తను అన్నని కుక్కల మధ్య వదిలేసి నడిచిపోయినవాడు. గంప హక్కు చిన్నాన్న కొడుక్కి వదిలేశాడు, వల వదిలేశాడు, కాలవ మీద తాడు పట్టాడు. ఆ కాలవలో నాగులపర్రవాళ్ళు తిరుగుతుంటారు గనక. ఇంట్లో నిమ్మకాయ తేనివ్వలేదు.

ఇదంతా విని మాస్టరు తలపాగా తీసి చేత పట్టుకుని నడిచాడు. ఆఖరికి, శనివారాలు కాలేజీలో తను జనుల దేవుళ్ళ గురించీ మొక్కుల గురించీ పాఠం చెబుతాననీ, ఎక్కడో దీవుల్లో ఎవరో ఎవరి దగ్గరో విని రాసిన పుస్తకాలు చదివి చెప్పడం తప్ప మోసినవాడి నోట విన్న పాఠం ఒక్కటీ లేదనీ, వచ్చి చెప్పమనీ అడిగాడు. అడుగుతున్నంతసేపూ నీళ్ళవైపే చూశాడు. తరగతిలో ఎంతమంది ఉంటారని అడిగాడు సత్తియ్య. నలభైమంది, అన్ని ఊళ్ళవాళ్ళూ అన్నాడు మాస్టరు. నాగులపర్ర కుర్రాడొకడు దొరక్కపోడనుకుని సత్తియ్య ఒప్పుకున్నాడు.

ఆ శనివారం మధ్యాహ్నం సత్తియ్య కాలేజీ గదిలో నిలబడ్డాడు. కిటికీలోంచి గోదావరి కనిపిస్తోంది. బల్ల మీద ఒక గంపా ఒక నిమ్మకాయా ఉన్నాయి, మాస్టరు కొనిపెట్టినవి. నిమ్మకాయ ఎలా పట్టుకునేవాడివో చూపించమంటే సత్తియ్య తల అడ్డంగా ఊపాడు. మాస్టరు బలవంతపెట్టలేదు. నల్లబల్ల మీద ఇంగ్లీషులో ఏదో రాసి, బలి అనేది సరిహద్దులో ఎందుకు జరుగుతుందో కాసేపు చెప్పి, వెళ్ళి వెనక బెంచీ చివర కూర్చున్నాడు.

సత్తియ్య చెప్పాడు. దాచకుండా, ఏడవకుండా, చేపల వేట గురించి చెప్పినట్టు చెప్పాడు. చెప్పడం అయ్యాక అడిగాడు. "నాగులపర్రవారు ఎవరైనా ఉన్నారాండి ఇక్కడ?"

ఎవరూ చెయ్యెత్తలేదు.

ముందు వరసలో దొరబాబు అనే మోతుబరి కొడుకు కూర్చున్నాడు. మాటకి మాట వెయ్యడంలో తరగతిలో మొనగాడు. వెనక్కి తిరిగి మాస్టరుతో అన్నాడు. "గంపెడు నెత్తుటికూడు కోసం అన్నని అమ్ముకున్నాడన్నమాట. దీన్ని కూడా మతం అంటారాండి మాస్టారూ?"

నలుగురు నవ్వారు. ఆ నవ్వు పూర్తికాలేదు.

ఇరవై నాలుగేళ్ళు తాడు లాగిన చేతులవి. దొరబాబు గొంతు వాటిమధ్య ఇమిడిపోయింది. బెంచీ తలకిందులైంది, సిరాబుడ్డి పగిలింది, కుర్రాడి తల గోడకి ఒకసారి తగిలింది, రెండోసారి తగిలింది, సున్నం మీద ఎర్రటి మరక మిగిలింది. ముక్కులోంచి నెత్తురు సత్తియ్య మణికట్ల మీద కారుతోంది. ఆరుగురు పట్టి లాగినా ఆ వేళ్ళు సడలలేదు. దొరబాబు కళ్ళు తేలిపోయాయి, మడమలు నేలని కొట్టడం మానేశాయి.

"సత్తీ, ఒరే సత్తీ, చంపేస్తన్నార్రా."

వెనక నుంచి వచ్చింది. అదే గొంతు, అదే జీర, ఆ చివర్న అదే సాగదీత.

సత్తియ్య తిరిగాడు.

చేతులు వాటంతటవే విడిపోయాయి. దొరబాబు గోడ వారగా జారి, ఈలవేసినట్టు ఊపిరి పీల్చాడు. వెనక బెంచీ దగ్గర బంగార్రాజు మాస్టరు ఒక్కడే నిలబడి ఉన్నాడు. నోరు ఇంకా తెరిచే ఉంది.

"మాది నాగులపర్రే," అన్నాడు.

మాస్టరు అక్కడే నిలబడి మిగతాదంతా చెప్పాడు. అప్పుడు తనకి పదిహేడేళ్ళు. ఎవరి గొంతైనా ఒకసారి వింటే పట్టేసేవాడు. జాతరకి వారం ముందు పొన్నలంక రేవులో వలలు ఆరేస్తున్న రాముడి మాటలు వినడానికి తండ్రే పంపాడు. గొడవనాడు జమ్ములో దాచి కూర్చోబెట్టారు. రెండు గొంతులు వినిపిస్తే ఎత్తు చెడుతుందని మొదట రాముడి దవడే విరగ్గొట్టారు.

"మీ అన్న ఒక్కమాట కూడా అనలేదు. అనడానికి ఆయనకి నోరు లేదు. కళ్ళతో మాత్రం మీరు నడిచిపోతున్నవైపే చూస్తున్నాడు."

నువ్వు అని పిలిచినవాడు మీరు అనడం ఆ తరగతి అంతా విన్నది. సత్తియ్య విన్నాడో లేదో తెలియదు. బెంచీల మధ్యనించి నడిచి వెళ్ళి మాస్టరు ఎదురుగా నిలబడ్డాడు. నెత్తుటి చెయ్యి ఎత్తి ఆయన దవడ మీద వేశాడు. బొటనవేలితో ఎముక వెంబడి తడుముతూ చెవి కిందిదాకా తీసుకెళ్ళాడు.

"ఇక్కడేనాండి?"

మాస్టరు కళ్ళు మూసుకుని తల ఊపాడు. బొటనవేలు అక్కడ నొక్కింది. ఇంకా నొక్కింది. మాస్టరు కళ్ళలోంచి నీళ్ళు దూకాయి గాని, చెయ్యెత్తి అడ్డుపెట్టలేదు, వెనక్కి జరగలేదు. ముందు వరస కుర్రాడొకడు బల్ల మీది రూళ్ళకర్ర అందుకుని, మళ్ళీ పెట్టేశాడు.

సత్తియ్య చెయ్యి తీశాడు. బల్ల దగ్గరికి వెళ్ళి నిమ్మకాయ తీసుకున్నాడు. ఇరవై నాలుగేళ్ళ తర్వాత దాన్ని పట్టుకోవడం అదే మొదటిసారి. తిరిగొచ్చి మాస్టరు గడ్డం కిందికి లాగి పళ్ళమధ్య పెట్టాడు. గడ్డం కింద అరచెయ్యి పెట్టి పైకి నొక్కాడు. తోలు పగిలింది. రసం పెదాల పక్కనించి కారి తెల్లకోటు మీద పడింది.

తాడు ఒరిపిడికి భుజాన వేసుకునే గోనెగుడ్డ గుమ్మం దగ్గర విప్పి పెట్టుకున్నాడు. అది తీసి దులిపి భుజాన వేసుకున్నాడు. వరండా మెట్లు దిగి రేవు వైపు నడిచాడు. నిమ్మకాయ పళ్ళమధ్య పట్టుకుని, నలభైమంది ఎదుట, బంగార్రాజు మాస్టరు అలాగే నిలబడి ఉన్నాడు.