గిలక గొంతు

నేను గడియారాలు బాగుచేసేవాణ్ణి. విజయనగరంలో గంటస్తంభం దగ్గర నా దుకాణం. దుకాణమంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక బల్ల, ఒక అద్దాల పెట్టె, వెనకాల నేను. సెల్‌ఫోన్లు వచ్చాక టైము కోసం వాచీ పెట్టుకునేవాళ్ళు తగ్గిపోయారు. బ్యాటరీ అయిపోయినవాళ్ళూ బెల్టు తెగినవాళ్ళూ మిగిలారు. అలాంటి రోజుల్లో విశాఖపట్నం నుంచి ఒకాయన చేపలు పట్టే పాత రీలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కర్రకి బిగించి గేలం దారం చుట్టుకునే చక్రం అది. వాళ్ళ తాతదట, తుప్పు పట్టి బిగుసుకుపోయింది. గడియారం విప్పేవాడికి అది వడ్లగింజలో బియ్యపుగింజ. విప్పాను, కడిగాను, తిప్పి చూపించాను. ఆయన మురిసిపోయి మరో నలుగురికి చెప్పాడు. అప్పట్నుంచి పాత రీళ్ళు నా బల్ల ఎక్కుతున్నాయి.

తెచ్చేవాళ్ళందరూ సెలవు రోజుల్లో సరదాకి చేపలు పట్టేవాళ్ళే. రీలు చేతికిస్తూ అందరూ ఒకటే మాట చెబుతారు, వెన్నలా తిరగాలి, చప్పుడు రాకూడదు అని. నాకూ అదే ఇష్టం. నా పనిలో చప్పుడంటే జబ్బు. మంచి గడియారం చెవికి ఆనిస్తే తప్ప వినబడకూడదని నాకు పని నేర్పినాయన రోజుకి పదిసార్లు అనేవాడు. ఆ మాట నాకు ఒంటికి పట్టేసింది. ఇంట్లో తలుపు కిర్రుమంటే నాకు అన్నం సహించదు, లేచి నూనె చుక్క వేసి గానీ మళ్ళీ కంచం ముందు కూర్చోను. నా భార్య దీన్ని నలుగురికీ చెప్పి నవ్వుతుంది. నవ్వితే నవ్విందిలే అనుకునేవాణ్ణి.

ఇక మా మావ సంగతి. మా అమ్మకు తమ్ముడు, నా భార్యకు తండ్రి. నాగావళి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉంటుంది వాళ్ళ ఊరు. మాదీ వేటకెళ్ళే ఇల్లే గానీ నాకు పడవెక్కితే వాంతులు. అందుకే గడియారాల పనికి పంపేశారు. ఆ వాంతుల కథ మావ ఇప్పటికీ పెళ్ళి భోజనాల దగ్గర చెప్పి అందర్నీ నవ్విస్తాడు. అలాంటి మనిషికి నాలుగైదేళ్ళ కిందట చూపు మసకబారింది. డాక్టరు చూసి లోపల నరం ఎండిపోయింది, ఆపరేషను చేసినా లాభం లేదన్నాడు. ఇప్పుడాయనకి వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే.

పడవ మానేశాడు గానీ ఇంట్లో కూర్చోలేదు. వాళ్ళ నాన్న ఒకప్పుడు చేపల సరదా ఉన్న ఒక దొరకి పడవ నడిపేవాడట. ఆ దొర వెళ్ళిపోతూ ఇచ్చిన ఇత్తడి రీలొకటి ఇంట్లో ఉంది. నూతి గిలకలా ఉంటుందని ఇంటిల్లిపాదీ దాన్ని గిలక అనే అంటారు. మావ దాన్ని వెదురు కర్రకి కట్టుకుని, కాళ్ళకి తెలిసిన దారిలో ఏటి ఒడ్డుకి వెళ్ళేవాడు. గేలం చేత్తోనే విసిరి, దారం బిగించి, కర్ర ఇసకలో పాతి, పక్కన కూర్చుని చిరిగిన వలలు బాగుచేసేవాడు. ఆ పనికి కళ్ళతో పని లేదు, వేళ్ళు చాలు. చేప గేలం పట్టుకుని పరిగెత్తితే గిలక కరకరా అరిచేది. అప్పుడు వల పక్కన పడేసి కర్ర అందుకునేవాడు. పండుగప్ప లాగితే ఒకలాగ, జెల్ల లాగితే ఒకలాగ అరుస్తుందని, చేప ఒడ్డుకి రాకముందే దాని పేరు చెప్పేవాడు. చేప దొరికిన రోజు ఇంటికి వచ్చే నడకే వేరు. అత్త చేతిలో పెట్టి వండమని చెప్పి, మగమహారాజులా మంచమ్మీద కూర్చునేవాడు. అది చూస్తే నాకు చాలా సంతోషంగా ఉండేది. ఆ గిలక లేకపోతే ఈయన ఏమైపోయేవాడో అని కూడా అనుకునేవాణ్ణి.

పోయిన వానల్లో ఆ గిలక బిగుసుకుపోయింది. పాత లుంగీలో చుట్టుకుని, అత్తని తోడు తీసుకుని, బస్సులో నా దుకాణానికి తెచ్చాడు. నా చేతిలో పెట్టి, "తిరగతన్నేదురా. తిరిగీలాగ సెయ్యి, సాలు. ఇంకేటీ ముట్టుకోకు" అన్నాడు. అలాగేలే అన్నాను. ఊళ్ళోవాళ్ళ రీళ్ళు తళతళలాడించి పంపుతూ, సొంత మావ గిలకని తిరిగితే చాలని వదిలేస్తానా అని లోపల అనుకున్నాను.

ఆ వారమంతా వేరే పని ముట్టలేదు. కిరసనాయిల్లో రెండు రోజులు నానబెట్టాను. మరమేకుల తలలు అరిగిపోయి ఉంటే సన్నటి ఆకురాయితో కొత్తగా గాడులు తీశాను. చిలుము పట్టిన ఇత్తడిని చింతపండుతో తోమి తోమి వేళ్ళు పుళ్ళు చేసుకున్నాను. ఇరుసు అరిగి వదులైన చోట చిన్న ఇత్తడి గొట్టం చేసి దిగ్గొట్టాను. చివరికి దాని గొంతు దగ్గరికి వచ్చాను. లోపల ఒక పళ్ళ చక్రం, దాని మీద ఆనుకుని ఒక ఉక్కు నాలుక. చక్రం తిరిగితే నాలుక పళ్ళ మీద కొట్టుకుంటుంది. ఆ నాలుక ఒక పక్కకి అరిగిపోయి, పళ్ళు గరుకెక్కి, తిప్పితే కొబ్బరి కోరుతున్నట్టుంది. నాకు చెవులు మూసుకోవాలనిపించింది. పళ్ళన్నీ నున్నగా రుద్దాను. పాత నాలుక తీసేసి, గడియారం స్ప్రింగు ముక్కతో సన్నటిది చేసి పెట్టాను. పైన కాస్త గ్రీజు పూశాను. వేలితో తిప్పి వదిలితే చాలాసేపు తిరిగి తిరిగి ఆగింది. నా జీవితంలో అంత మంచి పని చెయ్యలేదని ఆ పూట నిజంగా నమ్మాను.

తీసుకెళ్ళడానికి మావ వచ్చిన రోజు దుకాణం ముందు ఆటోల గోల. గిలకని చేత్తో తడిమాడు, తిప్పాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. మొహంలో ఏదో అనుమానం. సద్దు సేస్తన్నాదా అని అడిగాడు. నేను తీసుకుని నా చెవికి ఆనించుకున్నాను. టిక్ టిక్‌మని సన్నగా, అందంగా పలుకుతోంది. సేస్తన్నాది మావ అన్నాను. అబద్ధం చెప్పలేదు, నాకు వినబడింది. ముప్పై ఏళ్ళుగా వాచీల గుండెలు వింటున్న చెవి నాది. సముద్రం హోరు వినబడే ఏటి ఒడ్డున కూర్చునే మనిషి అడిగాడని ఆ క్షణంలో నాకు తోచలేదు. ఆయన తల ఊపి గిలకని లుంగీలో చుట్టుకున్నాడు.

వారం తిరక్కుండా అత్త ఫోను చేసి నా భార్యతో మాట్లాడింది. మావ ఎప్పట్లాగే గేలం వేసి వల కుట్టుకుంటున్నాడట. దారిన పోయే ఒకావిడ ఆగి, నీ కర్ర పడిపోయి ఉంది, దారమంతా పోయింది, ఇంత పెద్ద చేప లాక్కుపోతుంటే వినబడలేదా అని అడిగిందట. ఈయనకి చిన్న సద్దు కూడా వినబడలేదు. గిలక పలుకుతోందని నేను చెప్పాను కదా. కాబట్టి పోయింది తన చెవులేనని తేల్చేసుకున్నాడు. ఇంటికి వచ్చి గిలకని మేకుకి తగిలించేసి మంచమెక్కాడట. గోరుచుట్టు మీద రోకలిపోటులా కళ్ళు పోయినవాడికి చెవులు కూడానా అని నా భార్య వంటింట్లో కూర్చుని ఏడ్చింది.

ఫోను ఇంకా ఆమె చెవి దగ్గర ఉండగానే నాకు సంగతి అర్థమైపోయింది. తప్పు నాదే అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. రేపు వచ్చాక ఆదివారం వెళ్ళి చెబుదాం అనుకున్నాను. తేలు కుట్టిన దొంగలా తిరిగాను. చేతకాని పని చేశాడని ఆ ఇంట్లో ఎవరూ నన్ను తిట్టరు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా నా పనిలో తప్పుందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంతకన్నా మంచి కారణం ఏమీ లేదు.

ఆదివారం వెళ్ళాం. మావ పాకలో మంచమ్మీద కూర్చుని ఉన్నాడు. పక్కన వల లేదు. అత్త అన్నం తినమని వీధంతా వినబడేలా అరిచింది. ఊళ్ళోవాళ్ళు కూడా అంతే, వచ్చి చెవి దగ్గర వంగి కేకలు పెట్టి వెళుతున్నారు. ఆయన ఎవరికీ వెంటనే బదులు చెప్పటం లేదు. అసలు సంగతేమిటంటే ఆయనకి వినబడుతోంది. వినబడినదాన్ని కూడా నమ్మటం మానేశాడు. ఎవరైనా పిలిస్తే రెండోసారి పిలిచేదాకా ఆగుతున్నాడు. మంచం పక్కన నిలబడి ఇదంతా చూశాను. చూసి, అందరిలాగే నేనూ వంగి, బాగున్నావా మావ అని చెవిలో అరిచాను. ఆయన ఉలిక్కిపడ్డాడు. అత్తకి అనుమానం రాకుండా ఉండాలని అరిచాను. అది తల్చుకుంటే ఇప్పటికీ నామీద నాకు అసహ్యం వేస్తుంది.

శ్రీకాకుళంలో చెవుల డాక్టరుకి చూపిద్దామని నా భార్య అంది. మావ వినలేదు. "ఒకటి పోయిందని ఇనడానికి ఓపాలి ఎల్లినాను కదా. ఇంకోటి కూడా ఆల నోటే ఇనాలేటి?" అన్నాడు. అత్త అరసవల్లి దేవుడికి మొక్కుకుంది. అలా రెండు నెలలు గడిచాయి. మేం వెళ్ళిన ప్రతిసారీ మంచమ్మీద ఆయన ఇంకాస్త తగ్గినట్టు కనిపించేవాడు. ప్రతిసారీ నేను అరుస్తూనే ఉన్నాను.

చివరికి నాకొక పాడు తెలివి పుట్టింది. నూనె వేసి తెస్తానని చెప్పి గిలక తీసుకొచ్చాను. గడియారాల పనివాడు ఏ ముక్కా పారెయ్యడు, పాత నాలుక పౌడరు డబ్బాలో అలాగే ఉంది. గ్రీజంతా కడిగి, సన్నటి నాలుక పీకేసి, అరిగిన నాలుకనే మళ్ళీ పెట్టాను. నున్నగా రుద్దేసిన పళ్ళని ఆకురాయితో గరుకు చేశాను. గొంతు వచ్చింది గానీ మునుపటి గొంతు కాదు, జలుబు చేసినట్టు కాస్త బొంగురుగా ఉంది. అంతకన్నా నా చేతిలో లేదు. దాన్ని పట్టుకెళ్ళి ఇచ్చేసి, ఏమీ చెప్పకుండా వచ్చేద్దామనుకున్నాను.

మధ్యాహ్నం వెళ్ళాను. మావ మంచమ్మీదే ఉన్నాడు. నేను దూరంగా పాక గుమ్మం దగ్గర కూర్చుని గిలక తిప్పాను. కరకరమంది. ఆయన మొహం గిర్రున నా వైపు తిరిగింది. చెయ్యి చాపాడు. తీసుకుని చెవి దగ్గర తిప్పాడు, చెయ్యి బారచాపి తిప్పాడు, మంచం కింద పెట్టి తిప్పాడు. గొంతు మారినాది అన్నాడు. ఇనబడతన్నాదని అత్తని పిలిచాడు. ఆమె చేతులు జోడించి, ఆ దేవుడే సెవులిచ్చినాడని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. అక్కడితో నేను ఊరుకోవచ్చు. దేవుడు చేశాడని అందరూ సంతోషపడతారు, నేనూ వాళ్ళతో కలిసి ఆదివారం అరసవల్లి వెళ్ళి దండం పెట్టుకుని వస్తాను. అంతా దేవుడి దయేనన్న మాట నోటిదాకా వచ్చింది కూడా.

మావ గిలకని తిప్పుతూనే ఉన్నాడు. ప్రతిసారీ వినబడిందో లేదో అని తల పక్కకి వంచి సరిచూసుకుంటున్నాడు. అది నాకు భరించటం కష్టమైంది. అరవటానికి ఓపిక లేదు. కూర్చున్న చోటు నుంచి కదలకుండా, మనలో మనం మాట్లాడుకునే గొంతుతో చెప్పాను.

"నీ సెవులకేటీ అవనేదు మావ. నానే దాని సద్దు తీసేసినాను. నీ దారం పోయిన రోజే నాకు తెలుసు."

అత్త జోడించిన చేతులు కిందికి దిగాయి. మావ గిలకని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇనబడిందిరా" అన్నాడు. "మరి ఇన్నాళ్ళూ నా సెవిలో ఎందుకరిసినావు?"

మెల్లగానే అడిగాడు. నాకు బాగానే వినబడింది.