రక్తపరీక్షకు ముందు వేసుకున్న గోలీ

ఆ ఆదివారం మన్సూరాబాద్‌లోని మా చర్చిలో వాక్యం చదవడానికి నిలుచున్నాను. రెండో వచనం సగంలో ఊపిరి అందలేదు. ఛాతీలోని పిల్లికూతలు మైకులోంచి అందరికీ వినిపించాయి. మిగతా భాగాన్ని పాస్టరుగారు పూర్తిచేశారు. ఉద్యోగ విరమణ తరువాత నాకు మిగిలిన బాధ్యత ఆ పఠనం ఒక్కటే. దాన్ని వదులుకోవడానికి నేను సిద్ధంగా లేను.

ఆసుపత్రిలో ఊపిరితిత్తుల సామర్థ్యం కొలిచే స్పైరోమెట్రీ చేసి ‘సివియర్ ఆస్తమా’ అన్నారు. ఇన్‌హేలర్ మోతాదు పెంచారు. రోజూ ఉదయం, సాయంత్రం పీక్ ఫ్లో మీటరులో ఊది, వచ్చిన అంకెనూ, వేసుకున్న మందులనూ పట్టికలో రాసుకునేవాణ్ణి. అయినా నెబ్యులైజర్ కోసం పదేపదే ఆసుపత్రికి పరుగెత్తవలసి వచ్చేది. ప్రతిసారీ స్టెరాయిడ్ కోర్సు. ముఖం ఉబ్బింది, షుగర్ పెరిగింది.

తీవ్రమైన ఆస్తమాకు ఇచ్చే బయోలాజిక్ ఇంజెక్షన్ల గురించి విని, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాక్టరును అడిగాను. ఆయన రక్తపరీక్ష చేయించి, నా ముఖమైనా చూడకుండా, “ఈసినోఫిల్స్ అనే తెల్లకణాలు తక్కువున్నాయి. మీకది పనిచేయదు,” అన్నారు. ఎందువల్ల అని అడిగితే, “నెక్స్ట్!” అని పిలిచారు. ఒక మనిషి ఊపిరి సంగతిని ఒకే అంకెతో ముగించడం నాకు అన్యాయమనిపించింది. ఇప్పటికీ అనిపిస్తోంది.

ఎల్బీనగర్‌లో మరొక పల్మనాలజిస్టును కలిశాము. ఆమె నా పట్టికలన్నీ ఓపికగా చూసి, “అంకుల్, రక్తం ఇచ్చేముందు స్టెరాయిడ్ వేసుకున్నారా?” అని అడిగారు.

“లేదు,” అన్నాను. పట్టికలో లేదు మరి.

పక్కనే ఉన్న నా భార్య రూతమ్మ ఊరుకోలేదు. “ఏందయ్యా, లేదంటవ్? దవాఖానకు పోయేముందు గోలీ ఏస్కోకుంటే గా మెట్లు ఎక్కుతవా నువ్వు? రొప్పుకుంట పోతే డాక్టర్ ఏమనుకుంటడని నేనే ఇస్త మేడం. ఇస్త్రీ అంగీ, గోలీ, రెండూ నేనే తీసి పెడ్త.”

డాక్టరమ్మ నవ్వారు. “అంగీ వరకు ఓకే ఆంటీ. ఆ గోలీ మాత్రం ఈసినోఫిల్స్‌ని కూడా ఇస్త్రీ చేసేసింది!” స్టెరాయిడ్ వేసుకుంటే రక్తంలో ఆ కణాలు కొన్నాళ్ళపాటు తగ్గిపోతాయట.

పాత స్టెరాయిడ్ కోర్సులో మిగిలిన ఆ గోలీలను నేను మందు కింద లెక్కించలేదు. వానాకాలంలో గొడుగు పట్టుకెళ్ళినట్టే అనుకున్నాను. సరే, నేను రాయలేదు. కానీ మొదటి డాక్టరు ఆ ఒక్క ప్రశ్న ఎందుకు అడగలేదు?

స్టెరాయిడ్ ప్రభావం తగ్గేదాకా ఆమె పర్యవేక్షణలో ఉండి, మళ్ళీ రక్తం ఇచ్చాను. ఈసారి ఈసినోఫిల్స్ బాగా ఎక్కువగా వచ్చాయి. గొట్టంలోకి ఊదించి శ్వాసనాళాల వాపును కొలిచే ఫీనో టెస్టులోనూ అంకె ఎక్కువే వచ్చింది.

“ఇంజెక్షన్ పనిచేసే అవకాశం బాగుంది. గ్యారంటీ మాత్రం ఇవ్వను. నాలుగు నెలలు చూద్దాం, ఫలితం లేకపోతే ఆపేద్దాం,” అన్నారు.

రెండో ఇంజెక్షన్ తరువాత కాలనీలో దోమలకు పొగ కొట్టారు. మళ్ళీ అటాక్, మళ్ళీ నెబ్యులైజర్. పట్టిక తీసుకెళ్ళి ఆమె బల్లమీద పెట్టి, “మీ అంచనా తప్పింది,” అన్నాను కోపంగా.

“ఒక్క అటాక్ చూసి తీర్పు చెబితే, మీకూ ఆ మొదటి డాక్టరుకూ తేడా ఏముంది అంకుల్?”

పట్టిక తీసుకుని ఇంటికి వచ్చాను.

ఆ తరువాతి నెలల్లో అంకెలు మెల్లగా పైకి పాకాయి. ఇప్పుడు ఇంజెక్షన్‌తోపాటు ఇన్‌హేలర్ కొనసాగుతోంది. స్టెరాయిడ్ గోలీల అవసరం మళ్ళీ రాలేదు. మొన్న ఆదివారం వాక్యభాగమంతా ఎక్కడా ఆగకుండా చదివాను. అది చాలక తరువాతి భాగంలోకీ వెళ్ళిపోయాను. ముందు వరుసలోంచి రూతమ్మ గట్టిగానే అంది: “ఇగ చాలు దిగయ్యా, పాస్టరయ్యను గూడ జర మాట్లాడనియ్యి!”

తోటి రోగులకు నా మాట ఒక్కటే. స్టెరాయిడ్ సొంతంగా వేసుకోకండి, సొంతంగా మానకండి. ఏది ఎప్పుడు వేసుకున్నారో పరీక్షకు ముందే, అడగకపోయినా చెప్పండి. డాక్టరు ముందు ఆయాసాన్ని దాచుకోవద్దు. పరువుకు ఇస్త్రీ అంగీ చాలు.