మా కొత్త కోచ్ ఏమిట్లు?

సాయంత్రం ఇబ్రహీంపట్నం గ్రౌండు గట్టు మీద అభిమానులమంతా చేరి, వరసగా ఓడుతున్న మా ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా ఎవరైతే బాగుంటుందని వాదించుకున్నాం. ఆడపిల్లలకు ఆట నేర్పే సునీత గారి పేరు నేను చెప్పాను. జట్టుకు బంతులూ బూట్లూ కొనిపెట్టే వెంకట్రావు గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఆవిడ ఏమిట్లు?"

ఇక్కడా కులమేనా! ఒళ్ళు మండింది. కులం పోవాలనే కరపత్రాల్లో చదివిందంతా అప్పజెబుదామని లేచాను. ఈలోగా మా కెప్టెన్ జాన్ చల్లగా అన్నాడు:

"గోల్‌కీపరండీ."

గట్టంతా గొల్లుమంది. వెంకట్రావు గారికీ నవ్వాగలేదు.

"మనకి లేంది గోల్ ఆపేవాళ్ళే కదరా! రమ్మనండి, చూద్దాం."

నా ఉపన్యాసం నా దగ్గరే మిగిలిపోయింది. పోతే పోనీ, కోచ్ దొరికారు. ఈసారి మిమ్మల్నెవరైనా ఏమిట్లని అడిగితే, చేసే పని చెప్పి చూడండి. ఏమన్నారో ఇక్కడ రాయండి.