పన్నెండు మీటర్ల లోతులో మిరపకాయ ఘాటు

దెయ్యాల కథలు చదవడం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. నమ్మడం మాత్రం ఎన్నడూ చేతకాలేదు. దిష్టి విషయమూ అంతే.

పెళ్లయి పర్చూరు దగ్గర మా అత్తగారింటికి వచ్చాక, ఆదివారం వచ్చిందంటే అత్తయ్య మా ఇద్దరినీ గుమ్మంలో నిలబెట్టి, ఉప్పూ ఎండుమిరపకాయలూ చుట్టూ తిప్పి పెరట్లో నీళ్ల పొయ్యిలో వేసేది. ఘాటు వస్తే దిష్టి లేనట్టు, రాకపోతే గట్టిగా తగిలినట్టు. ప్రతిసారీ ఘాటు వచ్చేది. అందరం దగ్గుకుంటూ తలో వైపు పరిగెత్తేవాళ్లం. "చూశారా, ఏ దిష్టీ లేదు" అని ఆవిడ సంతోషపడేది. మిరపకాయ కాలితే ఘాటు రాక ఇంకేమొస్తుంది అని నేను మనసులో అనుకునేదాన్ని. పైకి అనేంత ధైర్యం నాకు లేదు.

నాకు రోజూ డైరీ రాసే అలవాటుంది. ఇది ఆ డైరీ ముందు పెట్టుకునే రాస్తున్నాను. కాబట్టి ఇందులో ఉన్న టైములు జ్ఞాపకం మీద చెప్పినవి కావు.

మా ఆయన శీను మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మాట్లాడటమే ఆయన పని. ఇంటికొచ్చాక కూడా ఆ పని ఆపడు. పెళ్లయిన కొత్తలో "నీకేం ఇష్టమో చెప్పు" అని వారం రోజులు అడిగాడు. చెప్పడానికి సిగ్గేసి, చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టాను. "సముద్రం లోపల చూడాలని ఉంది." అది చదివి ఆయన నన్ను చీరాల దాటించి బీచికి తీసుకెళ్లి, మోకాళ్ల లోతులో నిలబెట్టి, పల్లీలు కొనిపెట్టాడు. రెండో చీటీ రాయాల్సి వచ్చింది.

అలా ఇద్దరం ఈత నేర్చుకున్నాం. తర్వాత పుదుచ్చేరిలో నాలుగు రోజులు స్కూబా డైవింగ్ నేర్చుకున్నాం. అక్కడి మాస్టారు మొదటి రోజే మా ఇద్దరి జబ్బూ పట్టేశాడు. మా ఆయనకి ఊపిరి తొందర. నేను ఒక సిలిండర్ గాలి పీల్చే టైములో ఆయన దాదాపు రెండు పీల్చేస్తాడు. నాకేమో అడగాలంటే బిడియం. నీళ్లలో జంటగా దిగినవాళ్లు ఐదు నిమిషాలకోసారి ఒకరి గాలి ఎంత ఉందో ఇంకొకరు అడగాలి. గొట్టం చివర చిన్న గేజీ ఉంటుంది. రెండొందలతో మొదలై ముల్లు కిందికి దిగుతూ వస్తుంది. యాభైకల్లా పైకి వచ్చేయాలి. నేను అడగడం మానేసి, ఆయనే చెప్తాడులే అని చూస్తూ ఉండేదాన్ని.

"అమ్మా, నీ సిగ్గు ఒడ్డు మీద వదిలేసి దిగు. ఏదో ఒకరోజు మీ ఆయన ప్రాణం మీదికి తెస్తుంది" అన్నాడు మాస్టారు. ఆ మాట డైరీలో రాసి కింద రెండు గీతలు గీశాను.

డైవింగ్ నేర్చుకున్నట్టు కార్డులు చేతికొచ్చాక మొదటిసారి అండమాన్ వెళ్లాం. అత్తయ్యకి మాత్రం ఓడెక్కి దీవులు చూసొస్తాం అని చెప్పాం. నీళ్లలో దిగుతామంటే ఆవిడ ప్రయాణమే మాన్పిస్తుంది. ఫొటోలు ఎక్కడా పెట్టకూడదని మా ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. ఆవిడ కందిపొడి, గోంగూర పచ్చడి కట్టిచ్చి, "ఓడ అంచుకి పోబాకండి" అని పంపింది.

మూడో రోజు పొద్దున జరిగిందిది. మా గైడు రాజు తెలుగువాడే. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వెళ్లి అక్కడే ఉండిపోయిన కుటుంబం. జెట్టీ మీద నల్లటి రబ్బరు సూట్లు వేసుకుని సిలిండర్లు తగిలించి చూసుకుంటుంటే, మా ఆయన ఫోను పైకెత్తి ఇద్దరినీ ఫొటో తీశాడు. "మనకోసమే" అన్నాడు. నమ్మాను. పడవ కదిలిన కాసేపటికి సిగ్నల్ పోయింది.

తొమ్మిదీ యాభైకి దిగాం. నీళ్ల కింద నాకు అన్నిటికంటే నచ్చేది ఎవరూ మాట్లాడలేకపోవడం. అక్కడ నేనూ మా ఆయనా సమానం. ఆయన చేతులతో ఎంత అరిచినా వినపడదు. పన్నెండు మీటర్ల లోతులో ఒక తాబేలు గడ్డి తింటోంది. మమ్మల్ని చూసి కూడా లెక్క చెయ్యలేదు. పెళ్లిళ్లలో ఆఖరి బంతిలో కూర్చున్న పెద్దాయనలాగా తన తిండి తను తింటూనే ఉంది.

పదిహేనో నిమిషంలో రాజు మా ఇద్దరినీ గాలి ఎంతని సైగ చేసి అడిగాడు. నాది నూట ముప్పై. మా ఆయన గేజీ వైపు చూసి, తల ఊపి, వంద అని వేళ్లు చూపించాడు. రాజు సరేనని ముందుకి కదిలాడు. నాకెందుకో ఆ వంద నచ్చలేదు. ఆయన బుడగలు ఆగకుండా పోతున్నాయి. గేజీ నాకు చూపించమని అడుగుదామనుకున్నాను. గైడు అడిగాక నేను మళ్లీ అడిగితే ఆయనకి చిన్నతనంగా ఉంటుందేమో అనిపించింది. ఊరుకున్నాను. తర్వాతి ఏడు నిమిషాలూ అడగాలా వద్దా అని తాబేలు వైపు చూస్తూ ఆలోచిస్తూనే ఉన్నాను.

అప్పుడు ఘాటు కొట్టింది.

నేను మిరప పొలాల మధ్య పుట్టి పెరిగాను. కల్లంలో ఆరబోసిన కాయల ఘాటు ముక్కుకి తగులుతుంది. కారం మరలో అయితే కళ్లకి. నిప్పుల్లో కాలిన మిరపకాయ గొంతు పట్టుకుంటుంది, తర్వాత ఛాతీ. నీళ్ల కింద నాకు కొట్టింది ఆ మూడోది. ముక్కు మాస్కులో మూసుకుపోయి ఉంది. నోట్లోకి వచ్చేది సిలిండర్ గాలి. చుట్టూ అంతా ఉప్పు నీళ్లు. అయినా ఎవరో నా మొహం కింద కాయ కాల్చినట్టే ఉంది.

నోట్లో రబ్బరు బిగించుకునే దగ్గాను. దగ్గొచ్చినా దాన్ని తియ్యకూడదని నేర్పించారు. కళ్లల్లో నీళ్లు. పక్కకి చూస్తే మా ఆయనా దగ్గుతున్నాడు. ఆయన బుడగలు గుంపులు గుంపులుగా పోతున్నాయి. అరచేతిని చాపి అటూ ఇటూ ఊపాడు. మా ఊళ్లో దానర్థం "ఏదో, ఫర్లేదు" అని. డైవింగులో "నాకేదో తేడాగా ఉంది" అని. ఏ భాషలో చెప్తున్నాడో నాకు ఒక క్షణం అర్థం కాలేదు. బిడియపడటానికి ఊపిరి మిగలలేదు కాబట్టి, వెళ్లి ఆయన గేజీ లాక్కుని చూశాను.

ముల్లు ముప్పై మీద ఉంది. యాభై దగ్గరుండే ఎర్ర గీత దాటి ఎప్పుడో పోయింది.

రాజు వైపు తిరిగి బొటనవేలు పైకి చూపించాను. పైకి పోదాం అని. నా దగ్గరున్న రెండో గొట్టం మా ఆయన నోటికి అందించాను. నా గాలే ఇద్దరం పీల్చుకుంటూ, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, రాజు పక్కనే ఉండగా మెల్లగా పైకి వచ్చాం. మధ్యలో ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. నా జీవితంలో అంత పొడుగు మూడు నిమిషాలు లేవు. ఆయన నా కళ్లల్లోకే చూస్తూ ఉన్నాడు. అప్పటికే ఘాటు పోయింది. వచ్చినట్టే పోయింది.

పడవెక్కాక రాజు మొదట అడిగింది ఇదే.

"ఏటైందండీ బాబూ? ఇద్దరూ ఒకేసారి దగ్గారేటి?"

"మిరపకాయ ఘాటు" అన్నాడు మా ఆయన.

రాజు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. గుంటూరు వైపోళ్లకి మిరపకాయలంటే ఇంత పిచ్చా అనుకుని ఉంటాడు. కానీ గాలిలో తేడా ఉంటే ప్రమాదమని, మా రెండు సిలిండర్ల గాలినీ వాసన చూశాడు, పీల్చాడు. నేనూ పీల్చాను. ఏమీ లేదు. వాటితో పాటే నింపిన సిలిండర్ రాజుది. అతనికి ఏమీ తెలియలేదు. పొద్దున మేం తిన్నది బ్రెడ్డు, అరటిపండు. కందిపొడి ప్యాకెట్ గదిలో ఉంది. సాయంత్రం చూశాను, దానికి వేసిన సీలు కూడా ఊడలేదు. ఇదంతా డైరీలో ఉంది.

"ముప్పై ఉంటే వందని చెప్పారేటండి?" అని రాజు మా ఆయన్ని నిలదీశాడు.

మా ఆయన చాలాసేపు సిలిండర్ బెల్టు సర్దుకున్నాడు. "అప్పుడు డెబ్బై ఉంది. ఈవిడ నూట ముప్పై చూపించిందిగా. మరీ డెబ్బై అంటే బాగోదని..."

నేను ఆయన మీద అరిచాను. పెళ్లయ్యాక మొదటిసారి. రాజు మర్యాదగా సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

జెట్టీ దగ్గరికి రాగానే మా ఆయన ఫోను టింగు టింగుమంటూ మోగింది. సిగ్నల్ లేనప్పుడు వచ్చిన మిస్డ్ కాల్ మెసేజీలు. రెండూ అత్తయ్యవే. పదీ ఆరుకి ఒకటి, పదీ పదిహేనుకి ఒకటి. మా ఆయన మొహం చూస్తే విషయం అర్థమైంది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టి, ఆ ఫొటో స్టేటస్‌లో పెట్టేశాడు. ఫోను చేసి స్పీకర్ ఆన్ చేశాడు.

"ఒరేయ్ శీనా! బతికున్నార్రా? ఆ నల్ల రబ్బరు చొక్కాలేందిరా? వీపుకి గ్యాస్ బండలు కట్టుకోవడమేందిరా? కొత్త పిల్లని తీసుకెళ్లి గ్యాస్ బండతో సముద్రంలో ముంచుతావా?"

"అది గ్యాస్ కాదమ్మా, గాలి."

"గాలి ఊరికే వస్తుంటే బండలో మోసుకెళ్లడమేందిరా!"

ఆ తర్వాత ఆవిడ చెప్పింది, మధ్యలో పక్కింటి మస్తాన్‌బీ పిన్ని అందించింది కలిపి రాస్తున్నాను. ఫొటో చూసి అత్తయ్య ఫోను చేసింది. అందలేదు. ఊరందరి కళ్లూ ఈ ఫొటో మీద పడి ఉంటాయని దిష్టి తీయడానికి సిద్ధపడింది. మనుషులు లేరు కాబట్టి, ఫోనులో మా బొమ్మ పెట్టి బిందెకి ఆనించి, దాని చుట్టూ మిరపకాయలు తిప్పింది. ఫోను లైటు మాటిమాటికీ ఆరిపోతుంటే, దిష్టి సగంలో తెగిపోతుందని మస్తాన్‌బీ పిన్నిని పిలిచింది. ఆవిడ పక్కన కూర్చుని తిప్పు తిప్పుకీ తెర మీద వేలు పెడుతూ ఉంది.

"గుప్పెడు కాయలేశా అమ్మాయ్" అంది అత్తయ్య. "పత్తికట్టె నిప్పులు ఎర్రగా ఉన్నాయి. కాయలు బొగ్గయిపోయినయ్. ఘాటు లేదు!"

"ఒక్క తుమ్ము రాలా" అంది మస్తాన్‌బీ పిన్ని గొంతు. "నేను పొయ్యిలో మొహం పెట్టి చూశా. మంచినీళ్లు కాగినట్టుంది. వదిన బెదిరిపోయి మళ్లీ ఫోను కొట్టింది."

మా ఆయన గొంతు వినపడకపోయేసరికి అత్తయ్యకి ఇంకా భయమేసి, "ఏరా, ఉన్నావా?" అని మూడుసార్లు అరిచింది.

రాజు చేతికున్న డైవింగ్ వాచీ అడిగి చూశాను. మేం పైకి కదలడం మొదలుపెట్టింది ఇరవై రెండో నిమిషంలో. అంటే పదీ పన్నెండు. అత్తయ్య దిష్టి తీసింది మొదటి ఫోనుకీ రెండో ఫోనుకీ మధ్య.

కాయలే పాతబడి చచ్చిపోయాయేమో అన్నది నాకు మిగిలిన ఒకే ఒక దారి. ఇంటికొచ్చిన మర్నాడు అత్తయ్య దొడ్లోకి వెళ్లడం చూసి, అదే డబ్బాలోంచి రెండంటే రెండు కాయలు తీసి అదే పొయ్యిలో వేశాను. ఎవరికీ తెలియకుండా చేద్దామనే. అర నిమిషంలో నేను వీధిలో ఉన్నాను. నా వెనక పిల్లి ఉంది. ఎదురుగా వెళ్తున్న ఆటో ఆగి, డ్రైవరు దిగి తుమ్ముకున్నాడు.

గోడ మీంచి మస్తాన్‌బీ పిన్ని తల కనిపించింది. "వదినా! మళ్లీ ఎవరికి దిష్టి?"

అత్తయ్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చి, కళ్లనీళ్లతో నన్ను చూసి నవ్వింది. "చూశావా అమ్మాయ్, ఇప్పుడు ఏ దిష్టీ లేదు."

ఆ గుప్పెడు కాయల ఘాటు మా పెరట్లోంచి ఎక్కడికి పోయిందో నేను చెప్పలేను. నాకు తెలిసిన సైన్సుతో, చదివిన పుస్తకాలతో చాలా రోజులు ఆలోచించాను. మా ఆయన ఇంకో నాలుగు నిమిషాలు ఆ తాబేలు దగ్గరే ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం మాత్రం మానేశాను. నేను అడిగేదాన్నని నాకు నమ్మకం లేదు. దిగిన ప్రతిసారీ వివరాలు రాసుకునే డైవింగ్ పుస్తకంలో ఆ రోజు పేజీలో వ్యాఖ్యలు రాసే చోట రాజు "గాలి తక్కువ, దగ్గు" అని రాసి సంతకం చేశాడు. దాని పక్కన ఇంకేం రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను.

వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం. ఈసారి దాచలేదు. నిన్న భోజనాల దగ్గర, ఐదు నిమిషాలకోసారి ఆయన గేజీ నేనే పట్టుకుని చూస్తానని, వేళ్లు చూపిస్తే ఒప్పుకోనని అందరి ముందూ పైకే చెప్పాను. మా ఆయన బుద్ధిగా తలూపాడు.

అత్తయ్య పెరుగు వడ్డిస్తూ, "ఆ బండలు కట్టుకుని ఎన్నింటికి దిగుతారో చెప్పి పో. ఆ టైముకి నిప్పులు సిద్ధంగా ఉంచుతా" అంది.

నాకు దిష్టి మీద నమ్మకం ఇప్పటికీ లేదు. తొమ్మిదిన్నరకి అని చెప్పాను.